పెరటి మడుల డైరీ: నీడ గీత, నీటి లెక్క

మే రెండో వారం, కృత్తిక కార్తె

గుంటూరులో మా ఇల్లు దక్షిణ ముఖం కాబట్టి పెరడు ఉత్తరాన వచ్చింది. తూర్పు పడమరలుగా 30 అడుగులు, ఇంటి గోడ నుంచి వెనక ప్రహరీ దాకా 20 అడుగులు. ఇప్పటిదాకా అక్కడ ఉన్నవి బట్టల తీగ, ఒక కరివేపాకు చెట్టు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకలు. మిగతాదంతా తుంగ. ఈ తొలకరికి కూరగాయలు వేద్దామని అందరం అనుకున్నాం కానీ, ఏం వేయాలనే దగ్గర ఎవరి జాబితా వాళ్ళదే. మా వారికి టమాటా, అత్తయ్యకు చిక్కుడు పందిరి, నాకు ఆకుకూరలు, పిల్లలకు స్ట్రాబెర్రీ. గుంటూరు ఎండలో స్ట్రాబెర్రీ!

జాబితాలు పక్కన పెట్టి ముందు టేపు, ముగ్గుపిండి పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. టమాటా, వంగ, బెండ, మిరప లాంటి కాయజాతులకు రోజూ ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. కాబట్టి ఏ మూల ఎంతసేపు ఎండ ఉంటుందో తెలియకుండా మడులు గీయడం దండగ.

ఉదయం ఎనిమిదికి, పన్నెండింటికి, మూడింటికి, ఐదింటికి నీడ అంచు వెంట ముగ్గు గీశాను. పన్నెండింటికి పెరట్లో ఇంటి నీడే లేదు. మూడున్నర దాటాక పడమటి వైపు రెండంతస్తుల మేడ నీడ వచ్చి, సాయంత్రానికి సగం పెరడు కమ్మేస్తోంది. మే నెలలో అదొక మేలు. ఈ లెక్కన పెరడంతా ఎండే కదా అని కాగితం మీద మడులు గీయబోతుంటే అత్తయ్య ఆపారు.

"సంక్రాంతికి ఇక్కడ ఎండెక్కడిదమ్మాయ్? పోయినేడు గుమ్మడి వడియాలు మేడమీద కదా పెట్టుకున్నాం!"

నిజమే. దాంతో సూర్యుడి లెక్క తీశాను. గుంటూరు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 6 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 7 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య మూడు నెలలూ మధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం నుంచి పడుతుంది. అంటే మా ఇంటి నీడ వీధి వైపు పోతుంది. ఆగస్టు తర్వాత సూర్యుడు దక్షిణానికి జరుగుతూ పోయి, డిసెంబరు 21కి మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు. అప్పుడు గోడ ఎత్తులో సుమారు 83 శాతం పొడవున ఉత్తరానికి నీడ పడుతుంది. పిట్టగోడతో కలిపి మా ఇల్లు 13 అడుగులు. 13ను 0.83తో హెచ్చవేస్తే 10.8. అంటే చలికాలంలో నడిమధ్యాహ్నం కూడా ఇంటివైపు సగం పెరడు నీడలోనే ఉంటుంది. ఉదయం తొమ్మిదింటికైతే ఆ నీడ ఇంకో మూడు అడుగులు పైగా ముందుకు వస్తుంది.

మన వైపు కూరగాయలకు అసలైన కాలం చలికాలమే. టమాటా, క్యాబేజీ, బీన్స్, క్యారెట్ అన్నీ అప్పుడే. ఎండాకాలంలో నీడ చూసి గీసిన ప్లాను నమ్ముకుంటే ఆ పంటలన్నీ నీడలో పడతాయి. అందుకని ఇంటి గోడ నుంచి పది అడుగుల దగ్గర పెరడు అడ్డంగా ఒక ముగ్గు గీత గీశాను. గీతకు ఉత్తరాన కాయజాతులు. గీతకు ఇవతల పుదీనా, పొన్నగంటి, బచ్చలి, బట్టల తీగ, చిన్న ఎరువు గుంట. ఇంటి పక్క నేలను వదులుకున్నందుకు మా వారికి బాధగానే ఉంది.

మే మూడో వారం

మా నేల నల్లరేగడి. ఎండిపోతే అరచెయ్యి దూరేంత నెర్రెలు, తడిస్తే చెప్పు ఊడొచ్చేంత జిగురు. గీతకు ఉత్తరాన అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపాను. అవి ఇంకాక మళ్ళీ నింపి, గంట తర్వాత స్కేలు పెట్టి చూశాను. అర అంగుళం కూడా దిగలేదు. గంటకు కనీసం ఒక అంగుళం దిగితేనే వేళ్ళకు గాలి ఆడుతుంది. ఈ నేలలో చదునుగా విత్తితే జూలై వానకు వేళ్ళు కుళ్ళిపోవడం ఖాయం. కాబట్టి ఎత్తు మడులు తప్పవు.

రేగడిలో ఇసుక కలిపితే గుల్లబడుతుందని చాలామంది చెబుతారు. కొద్దిపాటి ఇసుక వల్ల లాభం లేదు, నేల ఇంకా గట్టిపడే అవకాశమే ఎక్కువ. రేగడిని మార్చేది మాగిన పశువుల ఎరువు, ఆకు చెత్త. అవి కూడా ఏటేటా వేస్తూ పోవాలి.

మట్టి పరీక్షకు నమూనా తీసే పద్ధతి ఒకటుంది. పైన చెత్త గీకేసి, ఇంగ్లిషు వి ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, దాని గోడ వెంట పైనుంచి కిందికి సన్నని పొర చెక్కాలి. ఇలా పెరట్లో అక్కడక్కడా తీసిన మట్టంతా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. అర కిలో మిగిలేదాకా అలాగే చేసి నీడలో ఆరబెట్టి ఇవ్వాలి. ఎరువు గుంట పక్కన, చెట్టు మొదట్లో మట్టి తీయకూడదు. భూసార పరీక్షా కేంద్రంలో రైతుల సంచుల మధ్య నా చిన్న సంచి చూసి "ఎన్ని ఎకరాలమ్మా?" అని అడిగారు. పెరడు అంటే నవ్వారు కానీ తీసుకున్నారు.

ఫలితం: ఉదజని సూచిక (పీహెచ్) 8.3, సేంద్రియ కర్బనం 0.4 శాతం, అంటే తక్కువ. పొటాష్ ఎక్కువ, భాస్వరం మధ్యస్థం, జింకు లోపం. గుంటూరు రేగడికి ఇది మామూలు జాతకమే. పొటాష్ కొనక్కర్లేదు. జింకు సల్ఫేటు హెక్టారుకు 50 కిలోల లెక్కన చదరపు మీటరుకు 5 గ్రాములు, మా మడులన్నిటికీ కలిపి 55 గ్రాములు దాటదు. దాన్ని సూపర్ ఫాస్ఫేటుతో కలిపి మాత్రం వేయకూడదు.

మే నెలాఖరుకు ముందే

మడులు కట్టడం అయింది. ఎండిన రేగడి గునపానికి లొంగదు కాబట్టి ముందు నేలంతా తడిపి, ఆరనిచ్చి, సరిగ్గా పదును వచ్చిన రోజు పని పెట్టుకున్నాం. కూలికి వచ్చిన పెద్దాయన మట్టి పిడికిట్లో పట్టి, ముద్ద చేసి, బొటనవేలితో నొక్కి చూశాడు. ముద్ద పొడిగా విరిగింది. "ఇయ్యాలైతే అయిద్ది, రేపటికి రాయైద్ది" అన్నాడు.

నాలుగు మడులు, ఒక్కొక్కటి 8 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు. వెడల్పు అంతకు మించితే అటూ ఇటూ కూర్చుని కలుపు తీసేటప్పుడు చెయ్యి మధ్యకు అందదు, మడి తొక్కాల్సొస్తుంది. తొక్కిన రేగడి మళ్ళీ గట్టిపడుతుంది. మడుల మధ్య ఒకటిన్నర అడుగుల దారులు. దారుల్లో అయిదంగుళాలు తవ్వి ఆ మట్టి మడుల మీద వేశాం. దానిలో మాగిన ఎరువు చదరపు మీటరుకు 5 కిలోల చొప్పున, మడికి పావుకిలో వేపపిండి కలిపాం. అంచులకు మిగిలిన ఇటుకలు నిలబెట్టాం. దారుల వాలు ఈశాన్య మూలకు, అక్కడ ప్రహరీ అడుగున ఉన్న తూము వైపు పెట్టించాను. ఉత్తరపు ప్రహరీ వెంట రెండడుగుల పట్టీ పందిరికి వదిలాం. ఎత్తుగా ఎదిగేవి ఉత్తరాన ఉంటే చలికాలంలో వాటి నీడ ప్రహరీ మీద పడుతుంది కానీ మడుల మీద పడదు.

ఎరువు కొనేటప్పుడు వాసన చూడండి. మాగినదానికి పేడ వాసన ఉండదు, చేతిలో నలిపితే పొడి అవుతుంది. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు రావడం ఖాయం. మాకు మొదట తెచ్చిన బస్తాలు సగం పచ్చివే. అవి ఎరువు గుంటలోకి పోయాయి, వచ్చే ఏడాదికి పనికొస్తాయి.

మడులు తడిపి పైన పారదర్శక పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టిలో పూడ్చాం. నల్ల షీటు దీనికి పనికిరాదు. ఎండ లోపలికి దిగాలి, వేడి బయటికి పోకూడదు. ఈ ఎండలకు షీటు కింద పై మట్టి 50 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్తుంది. నాలుగు వారాలు అలా ఉంటే కలుపు గింజలు, నులిపురుగులు, నారు కుళ్ళు శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. రోళ్ళు పగిలే రోహిణి ఎండ అని తిట్టుకునే బదులు వాడుకోవచ్చు. తుంగ గడ్డలు మాత్రం దీనికీ చావవు. అవి చేత్తో ఏరాల్సిందే, ఏరాం, ఇంకా ఏరుతూనే ఉంటాం.

రోహిణి కార్తె

షీటు కింద మడులు ఉడుకుతున్నాయి. ఈలోగా నీళ్ళ సంగతి చూడాలి.

మాకు రెండు రకాల నీళ్ళు. పొద్దున కాసేపు వచ్చే మున్సిపల్ కుళాయి, ఎప్పుడైనా వచ్చే బోరు. బోరు నీళ్ళు కాస్త ఉప్పన. గీజరు, బకెట్లు తెల్లగా పొక్కు కడతాయి. మట్టితో పాటు రెండు సీసాల నీళ్ళూ పరీక్షకు ఇచ్చాను. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత (మీటరుకు డెసీసీమెన్‌లలో) కుళాయి నీటికి 0.5, బోరు నీటికి 1.9 వచ్చింది. 0.7 లోపు ఉంటే ఏ పంటకైనా ఫర్వాలేదు. 3 దాటితే చాలా పంటలకు కష్టం. మా బోరు మధ్యలో ఉంది.

ఈ మధ్యలో ఉండడమే చిక్కు. ఎందుకంటే ఉప్పును తట్టుకోవడంలో కూరగాయలన్నీ ఒకటి కావు. బీన్స్, క్యారెట్, ముల్లంగి, ఉల్లి సున్నితం. మిరప కొంచెం మెరుగు. టమాటా, పాలకూర, తోటకూర మధ్యరకం. బీట్‌రూట్ గట్టిది. అందుకని మడులకు నీళ్ళను బట్టి వంతులు వేశాను. కుళాయికి దగ్గరగా ఉన్న ఒకటి, రెండు మడులకు కుళాయి నీళ్ళే. మూడో మడికి రెండూ కలిపి. నాలుగో మడికి బోరు. ఉప్పు నీళ్ళు పోసినప్పుడు మొదట్లో పోయాలి, ఆకుల మీద చల్లితే అంచులు మాడతాయి. అప్పుడప్పుడూ మంచినీళ్ళు ఎక్కువగా పెడితే పేరుకున్న ఉప్పు కిందికి దిగుతుంది. ఎత్తు మడి అందుకూ పనికొస్తుంది.

వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్ళు మొక్కలకు పోయమని చాలామంది సలహా. శుద్ధి చేసేటప్పుడు వదిలేసిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. బోరు నీళ్ళనే ఫిల్టర్ చేస్తున్న మా లాంటి ఇళ్ళలో అవి బోరు కంటే ఉప్పన. ఇల్లు తుడవడానికి ఉంచాను.

ఎన్ని మడులు చాలన్నది కూడా నీళ్ళే తేల్చాయి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మే ఎండకు మొక్కా నేలా కలిసి రోజుకు 6, 7 మిల్లీమీటర్లు తాగుతాయి, చలికాలంలో అందులో సగం. మా నాలుగు మడులు కలిపి పదిన్నర చదరపు మీటర్లు. అంటే వేసవిలో రోజుకు 70 లీటర్లు, అయిదు బకెట్లు. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి కుళాయి కింద పెడితే ఇంటి అవసరాలకు అడ్డు రాకుండా సరిపోతుంది. పెరడంతా మడులు చేస్తే దీనికి నాలుగైదు రెట్లు మోయాలి. ఆ మోత మొదటి వేసవికే తోట మీద విరక్తి తెప్పిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎంత స్థలం ఉందని కాకుండా, ఏప్రిల్‌లో ఎన్ని బకెట్లు మోయగలం అని లెక్క వేసుకోవడం మంచిది.

రోహిణి చివర

ఇప్పుడు తీరిగ్గా జాబితాలు బయటికి తీశాం. రైతు బజారు సంచి వారం వారం దేనితో నిండుతోందో రాసి పెట్టాను. ఉల్లి, బంగాళాదుంప ఎక్కువ కొంటాం, కానీ అవి పెరట్లో పెంచడం అనవసరం. స్థలం తింటాయి, బజారులో బాగానే దొరుకుతాయి. కోసిన గంటలో వండితే రుచి మారేవి, తెచ్చిన మర్నాటికే వాడిపోయేవి పెంచాలి. ఆకుకూరలు, బెండ, బీర, గోరుచిక్కుడు, కొత్తిమీర, పచ్చిమిర్చి. ఇంట్లో కాకర ఒక్కరే తింటారు, దానికి పందిరి అక్కర్లేదు. స్ట్రాబెర్రీ కొట్టేశాం.

టమాటా మీద చర్చ కొంచెం వేడెక్కింది. 2023 జూలైలో కిలో 150 దాటినప్పటి నుంచి మా వారికి అదొక పట్టుదల. అప్పుడు మా వీధిలో చాలా ఇళ్ళలో కోపంతో టమాటా నాటారు. ఎండ, రాత్రి ఉక్క ఎక్కువగా ఉన్నప్పుడు టమాటా పూత నిలవదు. ఆ మొక్కలు కాయలిచ్చేసరికి బజారులో ధర ఎప్పుడో పడిపోయింది. మా ప్లానులో టమాటా నారు సెప్టెంబరులో పోస్తాం. ఆయన ఒప్పుకున్నారు, ఒక కుండీలో మాత్రం ఇప్పుడే వేస్తానన్నారు. వేసుకోనీ.

విత్తనాలకు బెండలో అర్క అనామిక తీసుకున్నాం. పల్లాకు తెగులును తట్టుకునే రకం, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థది. వంగలో భాగ్యమతి. మిరపలో గుంటూరు పక్కనే ఉన్న మన లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం రకం జి-4, మూడు నాలుగు మొక్కలు చాలు. ఆకుకూరల విత్తనం అత్తయ్య వాళ్ళ ఊరిది, సత్తెనపల్లి దగ్గర.

విత్తే ముందు ప్రతి ప్యాకెట్‌లో పది గింజలు తడి గుడ్డలో చుట్టి చూశాను. ఒక కొట్లో కొన్న బెండ ప్యాకెట్‌లో నాలుగే మొలిచాయి. బెండకు ప్రమాణం ప్రకారం కనీసం 65 శాతం మొలవాలి. ప్యాకెట్ వెనక పరీక్ష తేదీ, గడువు తేదీ ఉంటాయి, మాకు అంటగట్టిన దానికి గడువు దాటి చాలా కాలమైంది. ఇంకో చోట తాజా ప్యాకెట్ తెచ్చాం. విత్తాక మొలవకపోతే రెండు వారాలు పోతాయి, ఈ గుడ్డ పరీక్షకు అయిదారు రోజులు చాలు.

జూన్, మృగశిర దాటి ఆరుద్రలోకి

మొదటి గట్టి వాన పడ్డాక షీటు తీసేశాం. కింద కలుపు దాదాపు లేదు, అక్కడక్కడా తుంగ మొనలు తప్ప. మడి లోతుగా తిరగేయకుండా పై మట్టి మాత్రమే గీకి విత్తాం. కింది మట్టి పైకొస్తే అందులో ఉన్న కలుపు గింజలు కూడా వస్తాయి.

ఒకటో మడిలో బెండ, రెండు వరసలు, వరసల మధ్య రెండడుగులు, మొక్కల మధ్య అడుగు. గింజలు రాత్రి నానబెట్టాం. రెండో మడిలో సగం గోరుచిక్కుడు, సగం వంగ నారు కోసం. మూడులో గోంగూర. నాలుగులో తోటకూర, కానీ మడంతా ఒకేసారి కాదు. ముప్పాతిక భాగం ఖాళీగా ఉంచి పావు భాగంలో చల్లాం, రెండు వారాలకొకసారి తర్వాతి పావు. లేకపోతే నెల తర్వాత తోటకూర ఒక్కసారే వచ్చి, ఇరుగుపొరుగుకు పంచి, మళ్ళీ బజారుకు పోవాలి.

తోటకూర గింజ ఆవాల కంటే సన్నం. అత్తయ్య పొడి ఇసుకలో కలిపి చల్లారు, అలాగైతే ఒత్తుగా పడదు. తర్వాత మడి చుట్టూ బియ్యం నూక పోశారు. చీమలు గింజల జోలికి రాకుండా నూక మోసుకుపోతాయట. చూస్తూ కూర్చున్నాం, నిజంగానే నూక వెంట పడ్డాయి.

పందిరి పట్టీలో ఒక చివర బీర పాదులు, ఇంకో చివర చిక్కుడుకు చోటు. గుంజలు లోతుగా పాతించాను. అక్టోబరు, నవంబరులో తుపాను గాలి వచ్చేసరికి పందిరి నిండా కాపు ఉంటుంది, అప్పుడు కూలితే మళ్ళీ లేపలేం.

జూలై, పునర్వసు

రాత్రంతా కురిసిన వానకు దారులు కాలువలయ్యాయి. మడులు తేలలేదు. తెల్లారేసరికి దారుల్లో నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి, తూముకు ప్రహరీ అవతల ఎవరో మట్టి పోసి మూసేశారు. అది తీయించి, తూముకు జల్లెడ బిగించాం. పందికొక్కులు లోపలికి రావడానికి కూడా అదే దారి.

బెండ లేత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. పల్లాకు తెగులేమోనని ఇంట్లో టెన్షన్. దగ్గరగా చూస్తే తేడా తెలిసింది. పల్లాకులో ఈనెలు పసుపుపచ్చగా వలలా కనపడతాయి. ఇక్కడ ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పాలిపోయింది, అదీ కొత్త ఆకుల్లోనే. ఇది ఇనుప ధాతు లోపం. ఉదజని సూచిక 8 దాటిన సున్నపు నేలల్లో ఇనుము ఉన్నా మొక్కకు అందదు, వానకు నేల నానినప్పుడు ఇంకా ఎక్కువ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేశాం, వారం తర్వాత మళ్ళీ. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. పల్లాకు తెగులును మోసేది తెల్లదోమ కాబట్టి ఎందుకైనా మంచిదని పసుపు రంగు జిగురు అట్టలు రెండు వేలాడదీశాం.

జూలై చివర, పుష్యమి

బీర పూసింది, కాయ లేదు. పక్కింటి పిన్నిగారు మందు కొట్టమన్నారు. ముందు వచ్చేవన్నీ మగ పూలే, వాటికి కాయ రాదు. ఆడ పువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది, అవి కొంచెం ఆలస్యంగా వస్తాయి. అవీ వచ్చాయి, పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి.

బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. దోస, కాకర పొద్దున పూస్తాయి కాబట్టి తేనెటీగలు చూసుకుంటాయి. మా పెరట్లో చీకటి పడే వేళ పురుగుల రాకపోకలు తక్కువ. అందుకని సాయంత్రం దీపాలు పెట్టే వేళ మగ పువ్వు కోసి, రేకలు వెనక్కి మడిచి, ఆడ పువ్వు మధ్యలో అద్దుతున్నాం. ఇది పిల్లలకు బాగా నచ్చిన పని. అద్దిన పిందెలు నిలిచాయి. నిలిచిన ప్రతిదానికీ కాగితం సంచి తొడుగుతున్నాం, లేకపోతే పండు ఈగ గుడ్లు పెట్టి కాయ లోపల పురుగు పడుతుంది. చిన్న పెరటికి మందు కంటే సంచి మేలు.

చిక్కుడు గింజలు కూడా ఇప్పుడే పెట్టాం. పాత పందిరి రకాలు పగలు తగ్గితే గానీ పూయవు. ముందు పెట్టినా తీగ సాగుతుందే తప్ప కాయ రాదు. అక్టోబరు దాకా ఆకులే కనపడతాయని అత్తయ్య ముందే అందరికీ చెప్పి పెట్టారు. ఓపిక లేక తీగ కోసేసిన ఇళ్ళు ఆవిడకు చాలా తెలుసు.

ఆగస్టు, మఖ

బెండ రోజు మార్చి రోజు కోస్తున్నాం. ఒక రోజు ఆలస్యమైతే ముదిరి పీచు పడుతుంది. తోటకూర వంతుల పద్ధతి బాగా పనిచేస్తోంది. గోంగూర పీకకుండా కొసలు గిల్లుతుంటే పక్క కొమ్మలు వేస్తోంది, పచ్చడికీ పప్పుకీ సరిపోయింది. గోరుచిక్కుడు మామూలు. వంగకు కొమ్మ తొలిచే పురుగు తగిలింది. వాలిన కొసలు తుంచి, ఎరువు గుంటలో వేయకుండా కాల్చేస్తున్నాం. మా వారి కుండీ టమాటా పూస్తోంది, రాలుస్తోంది. ఆయన రోజూ చూసి వస్తున్నారు, నేనేమీ అనడం లేదు.

సెప్టెంబరు చివర, హస్త

ముగ్గు గీత మళ్ళీ చూశాను. మధ్యాహ్నం ఇంటి నీడ గోడ నుంచి నాలుగు అడుగులు వచ్చింది. లెక్క ప్రకారం కూడా సుమారు అంతే రావాలి. నవంబరు మొదటికి ఏడున్నర దాటుతుంది, డిసెంబరుకు పదిన్నర దాటి మడుల చివర తాకుతుంది, జనవరి నెలాఖరుకు మళ్ళీ తొమ్మిది లోపుకు తగ్గుతుంది. ఒకటో మడిలో మొక్కల వరసలు దానికి తగ్గట్టు మార్చాను. దక్షిణపు కొస రెండడుగులు కొత్తిమీర, మెంతికూరకు. మిగతాది ఫ్రెంచ్ బీన్స్, కుళాయి నీళ్ళతో. ధనియాలు రెండు బద్దలుగా నలిపి పోయాలి.

రెండో మడి టమాటాకు. నారు ట్రేలో మొలిచింది. వంగ ఉన్న సగంలో టమాటా, మిరప వేయకూడదు, మూడూ ఒకే కుటుంబం కాబట్టి ఒకదాని తెగులు ఇంకోదానికి పట్టుకుంటుంది. గోరుచిక్కుడు తీసేసిన సగమే టమాటాకు ఇస్తున్నాం. ఆరు మొక్కలు, ఊతకర్రలు ముందే పాతి పెడతాం. మూడో మడి గోంగూర ఇంకో నెల ఉంటుంది, తర్వాత మిరప నారు. నాలుగులో బోరు నీళ్ళ వాడకం ఇప్పుడు పెరుగుతుంది కాబట్టి పాలకూర, బీట్‌రూట్. వరిగడ్డి రెండు మోపులు చెప్పి పెట్టాను, వానలు తగ్గాక మొక్కల మొదళ్ళలో పరిస్తే నీళ్ళూ మిగులుతాయి, పైకి ఉప్పు తేలడమూ తగ్గుతుంది.

క్యాబేజీకి చోటు లేదు. పిల్లలు మళ్ళీ స్ట్రాబెర్రీ అడుగుతున్నారు, చలికాలం కదా అంటున్నారు. ఒక కుండీ ఇచ్చాను, టమాటా కుండీయే. దాన్ని మా వారు ఖాళీ చేయాలి.